పాట ఒకరిది, వరుస ఇంకొకరిది

మన శక్తినగర్‌లో ఉండేవాళ్లకు రెండు భాషల పాటలు వినడం చిన్నప్పటి నుంచీ అలవాటే. ఒక ఇంట్లో కన్నడ దాసర పదం వినిపిస్తుంటే పక్క క్వార్టర్‌లో అన్నమయ్య కీర్తన వినిపిస్తుంది. కృష్ణ మీద వంతెన దాటితే తెలంగాణ. 1956 నవంబరు 1 దాకా మన రాయచూరు జిల్లా కూడా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది. తర్వాత ఇక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టారు. 1985లో మొదటి యూనిట్ మొదలైంది. పని కోసం నాలుగు దిక్కుల నుంచి వచ్చినవాళ్లు మూటాముల్లెతో పాటు తమ పాటలు కూడా వెంట తెచ్చుకున్నారు.

ఈ పాటల గురించి నాకు చాలా రోజులుగా ఒక సందేహం ఉండేది. "ఈ పాట ఎవరిది?" అని అడిగితే "అన్నమయ్యది" అంటాం, "పురందరదాసుది" అంటాం. మాటలు వాళ్లవే, ఒప్పుకుంటాను. మరి మనం వింటున్న ఆ రాగం ఎవరిది? ఎక్కడ ఆగాలి, ఏ మాట మీద ఒత్తాలి, ఎంత వేగంగా పాడాలి అన్నది ఎవరు నిర్ణయించారు? ఐదు వందల ఏళ్ల కింద అన్నమయ్య పాడినట్లే ఈరోజు మనం పాడుతున్నామా? ఈ ప్రశ్నలకు నేను చదివి, అడిగి తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

రాగిరేకుల్లో ఏముంది?

తాళ్లపాక అన్నమాచార్యులు కడప జిల్లా తాళ్లపాకలో పుట్టారు. ఆయన కాలం 1408 నుంచి 1503 వరకు అని ఎక్కువమంది చెబుతారు. ఆయన 32 వేల సంకీర్తనలు రాశారని ఆయన మనవడు చిన్నన్న రాసిన చరిత్రలో ఉంది. అందులో ఇప్పుడు మనకు దొరికినవి సగం కూడా లేవు. దొరికినవైనా ఎలా దొరికాయంటే, ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యులు వాటిని రాగిరేకుల మీద చెక్కించారు కాబట్టి. ఆ రేకులు రెండు వేలకు పైగా ఉన్నాయి. తిరుమల గుడిలో ఒక చిన్న రాతి అరలో వాటిని భద్రపరిచారు. దానికి సంకీర్తన భండారం అని పేరు. కాగితం అయితే చెదలు తినేది, తాటాకు అయితే విరిగిపోయేది. రాగి కాబట్టి నిలిచింది.

తర్వాత కొన్ని వందల ఏళ్లు వాటిని పట్టించుకున్నవాళ్లు లేరు. 1920ల్లో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కాలంలో ఆ రేకులు మళ్లీ లోకానికి తెలిశాయి. వాటిని చదివి, పరిష్కరించి పుస్తకాలుగా వేయడం మొదలైంది. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు ఆ పనిలో చాలా కష్టపడ్డారు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. రేకు మీద కీర్తనకు పైన రాగం పేరు ఉంటుంది. దాని కింద పల్లవి, తర్వాత చరణాలు. అంతే! స రి గ మ లు లేవు. చాలా కీర్తనలకు తాళం పేరు కూడా లేదు. అంటే అన్నమయ్య ఆ పల్లవిని ఏ స్వరం దగ్గర ఎత్తుకున్నారో, ఎక్కడ సాగదీశారో చెప్పే గుర్తు ఏదీ వాటి మీద లేదు. గురువు నోటి నుంచి శిష్యుడి నోటికి వచ్చే దారి మధ్యలో తెగిపోయింది.

ఉన్న రాగం పేరుతో కూడా చిక్కే. శంకరాభరణం, ముఖారి, భైరవి లాంటి పేర్లు మనకు తెలుసు. కొండమలహరి, అమరసింధు లాంటి పేర్లు కూడా రేకుల మీద ఉన్నాయి. అవి ఇప్పటి కచేరీల్లో వినిపించేవి కావు. తెలిసిన పేర్లనైనా పూర్తిగా నమ్మలేం. ఐదు వందల ఏళ్లలో ఒకే పేరు ఉన్న రాగం నడక మారిపోవచ్చు. ఊరి పేరు అదే ఉన్నా ఊరు మారిపోతుంది చూడండి, అలాగ.

త్యాగరాజు గారి కీర్తనలతో పోల్చి చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది. ఆయన 1847లో కాలం చేశారు. ఆయనకు చాలామంది శిష్యులు. వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ లాంటివాళ్లు గురువుగారి కీర్తనలు రాసిపెట్టారు, తమ శిష్యులకు నేర్పారు. అందుకే శిష్యులను బట్టి కొంచెం కొంచెం తేడాలు ఉన్నా ఆ పాటల వరుసలు మనదాకా వచ్చాయి. అలాగే 1904లో సుబ్బరామ దీక్షితులు "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" అనే పెద్ద పుస్తకం అచ్చు వేయించారు. ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలను స్వరాలతో, గమకాల గుర్తులతో సహా అందులో ఇచ్చారు. మన పాఠకులకు ముఖ్యంగా చెప్పాల్సింది ఏమంటే, ఆ పుస్తకం అచ్చయింది తమిళదేశంలోని ఎట్టయపురంలో, కానీ తెలుగు లిపిలో! తెలుగు రాష్ట్రాల బయట ఉండి తెలుగులో చదువుకుంటున్న మనకు ఈ సంగతి తెలిసి ఉండాలి.

వరుస కట్టేవాళ్లు ఏం చేస్తారు?

మాటలు, రాగం పేరు తప్ప ఇంకేమీ లేని కీర్తనను సంగీతం తెలిసినవాళ్లు ఎలా పాటగా చేస్తారు? మా బాబాయి భజన మండలిలో హార్మోనియం వాయిస్తాడు. నేను అడిగితే, "ముందు పాటను చదవమ్మా. పెట్టె తర్వాత తీద్దాం" అన్నాడు. పెట్టె అంటే హార్మోనియమే. ఆ మాటలో చాలా అర్థం ఉందని తర్వాత తెలిసింది.

మొదటి పని పదాలు విడగొట్టుకోవడం. రేకుల మీద అక్షరాలన్నీ మధ్యలో ఖాళీ లేకుండా వరసగా ఉంటాయి. ఏ మాట ఎక్కడ ముగుస్తుందో తెలియకపోతే పాడేటప్పుడు ఊపిరి తప్పు చోట తీసుకుంటాం. ఉదాహరణకు "మామిడిపండు" అనే మాటను "మా" దగ్గర సాగదీసి ఆపి, తర్వాత "మిడిపండు" అని ఎత్తుకుంటే వినేవాళ్లు నవ్వుతారు. అందుకే వరుస కట్టేవాళ్లకు సంగీతం ఎంత రావాలో తెలుగు కూడా అంత రావాలి.

రెండోది తాళం. ఇది మన పదో తరగతి వాళ్లకు సులభంగా అర్థమవుతుంది. ఛందస్సు పాఠంలో మనం గురువు, లఘువు గుర్తిస్తాం కదా! లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. పద్యానికి మార్కుల కోసం చేసే ఆ లెక్కే పాటకు ప్రాణం. పల్లవి పాదాన్ని పాడకుండా మామూలుగా చదువుతూ మాత్రలు లెక్కపెడితే అది నాలుగు నాలుగుగా నడుస్తోందా, మూడు మూడుగా నడుస్తోందా, ఐదుగానా, ఏడుగానా తెలుస్తుంది. నాలుగు నడకకు ఆది తాళం, మూడుకు రూపకం, ఐదుకు ఖండచాపు, ఏడుకు మిశ్రచాపు కుదురుతాయి. నేను మా తెలుగు పుస్తకంలోని గేయాలకు బల్ల మీద తట్టుతూ ఇలా చేసి చూశాను. మీరూ చేయండి, భలే ఉంటుంది. ఛందస్సు పాఠం బోరు అన్నవాళ్లు ఇంకోసారి అనరు.

మూడోది ఎడుపు, అంటే పాట ఎక్కడ మొదలుకావాలి అన్నది. తాళం దెబ్బ పడిన చోటే పాట మొదలుపెట్టవచ్చు, లేదా దెబ్బ పడిన తర్వాత కొంచెం ఆగి ఎత్తుకోవచ్చు. ఆగి ఎత్తుకుంటే ముఖ్యమైన మాట సరిగ్గా దెబ్బ మీద పడేలా చేయవచ్చు. తెలుగు కీర్తనల్లో యతి, ప్రాసలు కూడా ఉంటాయి. యతి పడిన అక్షరం తాళంలో బలమైన చోట పడితే చెవికి ఇంపుగా ఉంటుంది. బలహీనమైన చోట పడితే కవి పడిన కష్టం వినిపించకుండా పోతుంది.

నాలుగోది రాగం. రేకు మీద ఉన్న రాగాన్నే తీసుకోవాలా, పాట భావానికి సరిపోయే వేరే రాగం తీసుకోవాలా? దీని మీద పెద్దవాళ్లలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. కవి చెప్పిన రాగాన్ని మార్చే హక్కు మనకు లేదని కొందరు అంటారు. పాట జనంలోకి వెళ్లాలంటే ఇప్పటి చెవులకు నచ్చే రాగం కావాలని ఇంకొందరు అంటారు. "నానాటి బతుకు నాటకము" కీర్తనే చూడండి. రేకు మీద ముఖారి అని ఉంది. ఇప్పుడు అందరూ పాడేది రేవతి రాగంలో. ముఖారి దుఃఖం పలికే రాగం. రేవతిలో స, రి, మ, ప, ని అనే ఐదు స్వరాలే ఉంటాయి. వేదం చదివినట్టు గంభీరంగా ఉంటుంది. మాటలు అవే. ముఖారిలో పాడితే బతుకు గురించి బాధపడినట్టు ఉంటుందేమో. రేవతిలో వింటే మాత్రం బతుకును దూరం నుంచి చూస్తున్న పెద్దమనిషి మాట్లాడినట్టు ఉంటుంది. రాగం మారితే పాట చెప్పే మాట కూడా కొంచెం మారుతుంది. అందుకే వరుస కట్టడం చిన్న పని కాదు.

రాళ్లపల్లి వారి పని

ఈ పనిని మొదట శ్రద్ధగా చేసినవారిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి పేరు ముందు చెప్పాలి. ఆయన 1893లో అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టారు. చదువు కోసం మైసూరు వెళ్లారు. మైసూరు మహారాజా కళాశాలలో 1912 నుంచి 1949 వరకు తెలుగు పాఠాలు చెప్పారు. అంటే దాదాపు 38 సంవత్సరాలు కర్ణాటకలో తెలుగు మాస్టారు! తెలుగులోనూ కన్నడంలోనూ పుస్తకాలు రాశారు. బిడారం కృష్ణప్ప లాంటి మైసూరు విద్వాంసుల దగ్గర సంగీతం నేర్చుకున్నారు. వయొలిన్ వాయించేవారు.

మైసూరులో ఉద్యోగం అయిపోయాక ఆయన తిరుపతికి వెళ్లి అన్నమయ్య కీర్తనల పని చేపట్టారు. నూటికి పైగా కీర్తనలకు వరుసలు కట్టి, స్వరాలు రాసి అచ్చు వేయించారు. స్వరాలు రాయడం ఎందుకు గొప్పదంటే, అది చూసి ఎవరైనా నేర్చుకోవచ్చు. అన్నమయ్య పాటలకు ఐదు వందల ఏళ్ల కింద జరిగిన నష్టం మళ్లీ జరగకుండా ఆయన జాగ్రత్త పడ్డారు. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1979 మార్చి 11న తిరుమల తిరుపతి దేవస్థానం వారు బెంగళూరులోని ఆయన ఇంటికి వచ్చి ఆస్థాన విద్వాంసుడిగా గౌరవించారు. అదే రోజు ఆయన కన్నుమూశారు.

ఆయన గురించి చదివినప్పుడు నాకు ఒకటి అనిపించింది. మనం కర్ణాటకలో ఉండి తెలుగు మీడియంలో చదువుతుంటే, "దీనివల్ల ఏం ఉపయోగం?" అని కొందరు అడుగుతారు. రాళ్లపల్లి వారు కర్ణాటకలోనే తెలుగు, కన్నడం, సంస్కృతం, సంగీతం అన్నీ కలిపి నేర్చుకున్నారు. అన్నీ వచ్చు కాబట్టే రాగిరేకు మీద మూగగా ఉన్న పాటకు గొంతు ఇవ్వగలిగారు.

ఒకే కవి, పలు గొంతులు

రాళ్లపల్లి వారి తర్వాత నేదునూరి కృష్ణమూర్తి గారు ఈ పని చేశారు. ఆయన 1927లో పుట్టి 2014లో కాలం చేశారు. ఆయన పెద్ద కచేరీ విద్వాంసులు. "ముద్దుగారే యశోద", "ఒకపరి కొకపరి", "పలుకు తేనెల తల్లి" కీర్తనలకు మనం వినే వరుసలు ఆయన కట్టినవే. "ముద్దుగారే యశోద"కు ఆయన కురింజి రాగం తీసుకున్నారు. కురింజి పై షడ్జం దాకా పోదు, ధైవతం దగ్గరే ఆగిపోతుంది. జోలపాటలకు బాగా సరిపోయే రాగం. ముద్దు కృష్ణుణ్ణి రత్నాలతో పోల్చే పాటకు గొంతు చించుకునే రాగం ఎందుకు? తల్లి ఒళ్లో బిడ్డతో మాట్లాడినట్టు ఉంటే చాలు. ఆ పాట వింటే అట్లాగే ఉంటుంది.

ఈ పాటలు ఇంటింటికీ చేరడానికి ముఖ్య కారణం ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు. 1979, 1980 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానం ఆమె చేత "బాలాజీ పంచరత్నమాల" అనే ఐదు రికార్డులు పాడించింది. అప్పటికి ఆమె వయసు అరవై దాటింది. ఆమె మాతృభాష తెలుగు కాదు. అయినా ఒక్క అక్షరం తప్పు పోకుండా నేర్చుకుని పాడారు. నేను ఆ పాటలు శ్రద్ధగా విన్నాను. ఆమెకు ఎన్ని సంగతులు వేయడం చేతనవుతుందో లోకానికి తెలుసు. ఇక్కడ మాత్రం తక్కువ వేశారు. ప్రతి మాటా స్పష్టంగా వినిపిస్తుంది. పాడేవాళ్లు ఏం వదిలిపెట్టాలో తెలుసుకోవడం కూడా విద్యే అని నాకు అప్పుడు అర్థమైంది.

గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు ఇంకో దారి పట్టారు. 1948లో రాజమండ్రిలో పుట్టిన ఆయన 1978 నుంచి తిరుపతిలో అన్నమాచార్య ప్రాజెక్టులో పనిచేశారు. ఆరు వందలకు పైగా కీర్తనలకు వరుసలు కట్టారు. వాటిలో చాలావాటిని సంగీతం రానివాళ్లు కూడా వెంట పాడగలరు. "వినరో భాగ్యము విష్ణుకథ" పల్లవి ఒకసారి వింటే రెండోసారి మన నోటికి వచ్చేస్తుంది. భజనలో ఒకరు చెబితే పదిమంది అందుకోవాలి కాబట్టి పాదాలు చిన్నగా, తేలిగ్గా ఉండాలి. కచేరీలో ఒక్కరే పాడతారు కాబట్టి కష్టమైన సంగతులు ఉండవచ్చు. పాడే చోటును బట్టి పాట తయారవుతుంది. ఆయన 2025 మార్చిలో మరణించారు.

1997లో "అన్నమయ్య" సినిమా వచ్చింది. సంగీతం ఎం.ఎం. కీరవాణి గారిది. దానికి ఆయనకు జాతీయ అవార్డు వచ్చింది. సినిమాలో పాటకు సమయం తక్కువ, దృశ్యం ఎక్కువ. అందుకని కోరస్, తబలా, వేణువు, వయొలిన్లు చేర్చి పాటను వేగంగా నడిపారు. "ఇది అసలు పద్ధతి కాదు" అనేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. కానీ మా అమ్మ తరం వాళ్లలో చాలామందికి అన్నమయ్య పేరు తెలిసింది ఆ సినిమాతోనే.

మన జిల్లా పాటల సంగతి

ఇదంతా తిరుపతి కథ అని అనుకోవద్దు. మన రాయచూరు జిల్లా హరిదాసుల జిల్లా. విజయదాసులు మాన్వి తాలూకా చీకలపర్విలో పుట్టారు. గోపాలదాసులు దేవదుర్గ తాలూకా మొసరకల్లువారు. జగన్నాథదాసులు మాన్విలో ఉండి రాశారు. వీళ్లంతా 18వ శతాబ్దం వాళ్లు. వీళ్ల పదాలకు కూడా పుస్తకాల్లో రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి. కానీ పాడేవాళ్లను బట్టి వరుస మారుతుంది. పురందరదాసుల "భాగ్యద లక్ష్మీ బారమ్మ" మనందరికీ తెలుసు. దక్షిణ కర్ణాటకలో, తమిళనాడులో కర్ణాటక రాగంలో పాడతారు. గదగ వైపు పుట్టిన పండిత్ భీమసేన్ జోషి గారు దాన్నే హిందుస్తానీ పద్ధతిలో పాడారు. మనవైపు పెళ్లిళ్లలో ఎక్కువగా వినిపించేది ఆయన పాడిందే. ఒకే పాట తుంగభద్రకు ఆ వైపు ఒక చీర, ఈ వైపు ఇంకో చీర కట్టుకున్నట్టు ఉంటుంది.

బసవణ్ణ వచనాల సంగతి ఇంకా కష్టం. అవి 12వ శతాబ్దంవి. వాటికి పైన రాగం పేరు కూడా లేదు. పాదాలు సమానంగా ఉండవు. పల్లవి లేదు. అలాంటి వచనాలకు మల్లికార్జున మన్సూర్ గారి లాంటి విద్వాంసులు రాగాలు కట్టి పాడారు. మన జిల్లా జంబలదిన్నికి చెందిన పండిత్ సిద్ధరామ జంబలదిన్ని గారు కూడా వచనాలు పాడి పేరు తెచ్చుకున్నారు. రాయచూరులో రంగమందిరానికి ఆయన పేరే పెట్టారు. ఆ రంగమందిరంలో మన పిల్లలు ఎన్నోసార్లు డ్యాన్సులు చేసి ఉంటారు. ఆ పేరు ఎవరిదని అడిగినవాళ్లు ఎంతమంది?

మా బృందగానం

ఈ ఏడాది మా తరగతి తరపున బృందగానానికి "ముద్దుగారే యశోద" ఎంచుకున్నాం. పుస్తకాల్లో చదివిన సంగతులన్నీ చేతికి తగిలింది అప్పుడే. మొదటి చిక్కు శృతి. సాధారణంగా ఆడవాళ్లు ఐదు, ఐదున్నర శృతిలో, మగవాళ్లు ఒకటి, ఒకటిన్నరలో పాడతారు. మా తరగతి అబ్బాయిల గొంతులు ఇప్పుడు మారే వయసులో ఉన్నాయి. పొద్దున ఒక గొంతు, సాయంత్రం ఒక గొంతు! ఆడపిల్లలకు సరిపోయిన చోట వాళ్లకు అందదు, వాళ్లకు సరిపోయిన చోట మా గొంతు లేవదు. బాబాయి మెట్లు మార్చి మార్చి వాయించి, అందరికీ అందే చోట ఆపాడు. కురింజికి పరిధి తక్కువ కాబట్టి అది సాధ్యమైంది. ఇదే పై షడ్జం దాటి పోయే రాగం అయితే మా వల్ల అయ్యేది కాదు.

తర్వాత ఎవరు ఏది పాడాలని మాట్లాడుకున్నాం. పల్లవి అందరం కలిసి. మూడు చరణాలను మూడు గుంపులు పంచుకున్నాం. ప్రతి చరణంలో రత్నాల పేర్లు వస్తాయి కదా, ఆ మాటల దగ్గర తబలా తగ్గించమన్నాం. లేకపోతే వెనక కూర్చున్నవాళ్లకు మాటలు వినిపించవు. మొదట్లో వేగంగా పాడాం. బాబాయి విని, "బిడ్డను నిద్రపుచ్చుతున్నారా, బస్సు అందుకోవాలా?" అన్నాడు. అందరం నవ్వి, నడక తగ్గించాం. అప్పుడు పాట నిలబడింది.

ఇంతలో మా అవ్వ ఒక మాట అంది. "మీ పాట బాగుంది తల్లీ, కానీ మా ఊర్లో జోలపాటలు ఇట్లా పాడేవాళ్లం కాదు" అని "జో అచ్యుతానంద" పాడి వినిపించింది. అది నేను రికార్డుల్లో విన్న వరుస కాదు. దానికి రాగం పేరు అవ్వకు తెలియదు. వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకుందట. మా ఇంట్లో ఆ వరుస తెలిసినది ఆమె ఒక్కతే. అది విన్న తర్వాత నాకు రాగిరేకులు గుర్తొచ్చాయి. మాటలు పుస్తకంలో ఉంటాయి, ఎక్కడికీ పోవు. అవ్వ వరుస మాత్రం అవ్వతోనే ఉంది. నేను దాన్ని ఫోన్‌లో రికార్డు చేశాను. బాబాయి పెట్టె మీద వాయిస్తూ స్వరాలు చెబితే నోటుపుస్తకంలో రాసుకున్నాను. పల్లవి, ఒక చరణం అయ్యాయి. మిగతావి సెలవుల్లో రాస్తాను.

రెండు పేర్లు చెబుదాం

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, సంధులు అని మనం చదువుతాం. పాటకు కూడా చరిత్ర ఉంది. ఆ చరిత్రలో రాసినవాళ్ల పేరు నిలిచింది. పాడినవాళ్ల పేరు రికార్డు అట్ట మీద నిలిచింది. మధ్యలో కూర్చుని పదం విడగొట్టి, మాత్రలు లెక్కపెట్టి, రాగం వెతికి, స్వరం రాసినవాళ్ల పేరు మాత్రం చాలామందికి తెలియదు. "అన్నమయ్య కీర్తన" అని మైకులో చెప్పి ఊరుకుంటాం. అన్నమయ్య పాడిన వరుస మనలో ఎవరి దగ్గరా లేదు. ఉన్నదల్లా ఆయన మాటలను ప్రేమించి ఎవరో కట్టిన వరుస. ఆ ఎవరో ఎవరని చెప్పకపోవడం న్యాయం కాదు.

వరుస ఎవరు కట్టారో చెబితే ఇంకో మేలు కూడా ఉంది. "ఇదే అసలుది, అది తప్పు" అనే గొడవ తగ్గుతుంది. ఇది నేదునూరి వారి వరుస, ఇది బాలకృష్ణప్రసాద్ గారి వరుస, ఇది సినిమా వరుస, ఇది మా అవ్వ వరుస అనుకుంటే అన్నింటినీ గౌరవంగా వినవచ్చు.

అందుకే నా మిత్రులకు, టీచర్లకు, తల్లిదండ్రులకు రెండు మనవులు. మన బడి కార్యక్రమాల్లో తెలుగు పాటైనా కన్నడ పాటైనా పాడే ముందు రాసినవారి పేరుతో పాటు వరుస కట్టినవారి పేరు కూడా చెబుదాం. తెలియకపోతే వెతుకుదాం, వెతికినా దొరకకపోతే "సంప్రదాయ వరుస" అందాం. రెండోది, మన ఇళ్లలో అవ్వలు, తాతలు పాడే జోలపాటలు, మంగళహారతులు, నాట్ల పాటలు, భజన పాటలు ఒక్కొక్కరం ఒక్కటైనా రికార్డు చేద్దాం. పాడినవారి పేరు, వాళ్ల ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో కింద రాద్దాం. శక్తినగర్‌కు ఎన్ని ఊర్ల వాళ్లు వచ్చారో అన్ని ఊర్ల వరుసలు మన దగ్గర ఉన్నాయి. పెదతిరుమలాచార్యుల వారికి రాగిరేకులు కావలసి వచ్చాయి. మనకు ఒక ఫోను, ఒక నోటుపుస్తకం, అవ్వ పక్కన కూర్చునే అరగంట ఉంటే చాలు.